తొందరపడని మొగ్గ

టాటీబంధ్ కూడలిలో లారీ హారన్ వినపడని గంట ఉండదు. రాయ్‌పూర్ నుంచి భిలాయ్ వైపు పోయే జి.ఇ. రోడ్డు, ఊరిని చుట్టివచ్చే రింగురోడ్డు ఇక్కడే కలుస్తాయి. శ్రీకాకుళం వైపు నుంచి బతుకుతెరువుకొచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న మాలాంటివాళ్లకి ఈ లారీలే దేశపటం. మా వీధి చివర ఉండే సర్దార్జీ ఒకాయన ఓ ఏడు వానాకాలంలో లేహ్ దాకా లోడు వేసుకెళ్లాడు. తిరిగొచ్చి నా చేతిలో చిన్న గుడ్డసంచి పెట్టి, మీ హైదరాబాద్ మిఠాయికి పనికొస్తుందన్నాడు. తెలుగువాడంటే హైదరాబాద్ వాడేనని ఆయన లెక్క. నేనూ దిద్దలేదు, సంచి తీసుకోవాలి కదా!

సంచినిండా ఎండు ఆప్రికాట్లు. చూడ్డానికి ఏమంత అందంగా లేవు. ముడతలు పడి, లేత గోధుమరంగులో, ఉసిరికాయంత ఉన్నాయి. ఒకటి నోట్లో వేసుకుని చప్పరించాను. మొదట తోలులా మొండికేసింది. కాసేపటికి మెత్తబడి, తేనెలాంటి తీపి, దాని వెనక సన్నటి పులుపు. గింజ అరచేతిలోకి ఉమ్ముకుని చూస్తే దాని పెంకు తెల్లగా ఉంది, దంతపు పూసలాగా. అంతకుముందు నేను చూసిన ఆప్రికాట్ గింజలన్నీ గోధుమరంగువే. మా పిన్ని ఆ గింజని గడప మీద పెట్టి రోకలితో ఒక్కటిచ్చింది. లోపలి పప్పు బాదంకంటే కమ్మగా ఉంది, చేదన్న మాటే లేదు.

ఆ పండు పేరు రక్త్‌సే కార్పో అని తరవాత తెలిసింది. లద్దాఖీలో రక్త్‌సే అంటే గింజ, కార్పో అంటే తెలుపు. అప్పటినుంచి నాకు ఆప్రికాట్ పిచ్చి పట్టింది. పైనుంచి నిప్పులు కురిసే రాయ్‌పూర్‌లో ఉంటూ మంచులో పండే చెట్టు గురించి కలలు కనడం కాస్త విడ్డూరమే. ఆ విడ్డూరంలోనే నేను నేర్చుకున్నది ఒకటుంది. ఆప్రికాట్‌ని చంపేది చలి కాదు, తొందర. చలిని తట్టుకునే చెట్టంటే ఆగడం తెలిసిన చెట్టు. దాన్ని పెంచే చెయ్యి కూడా ఆగడం తెలిసిన చెయ్యే అయ్యుండాలి.

పేరు గొడవ, ఊరి గొడవ

శాస్త్రజ్ఞులు దీనికి ప్రూనస్ ఆర్మేనియాకా అని పేరుపెట్టారు, ఆర్మేనియా పండని. అసలు పుట్టిల్లు మాత్రం చైనా, మధ్య ఆసియా కొండలంటారు. పారశీకులు దీన్ని జర్ద్ ఆలూ అన్నారు, అంటే పసుపు ప్లమ్. ఆ మాటే మనదేశంలోకి జర్దాలూ అయి వచ్చింది. భాగల్‌పూర్‌లో ఒక మామిడిరకానికి కూడా ఆ పేరే అంటుకుంది. ఫర్గానా నుంచి వచ్చిన బాబరు తన ఆత్మకథలో అక్కడి ఆప్రికాట్ల గురించి మురిసిపోతూ రాసుకున్నాడు. గింజ తీసేసి లోపల బాదం పెట్టి ఎండబెట్టేవారట, దాని పేరు సుబ్హానీ. హిందుస్థాన్‌లో మంచి పండ్లే లేవని వాపోయినవాడి నోట ఆ మెప్పు వచ్చిందంటే ఆ పండు ఎంత గొప్పదో మరి!

చైనాలో దోంగ్ ఫెంగ్ అనే వైద్యుడి కథ ఒకటి చెబుతారు. ఎప్పుడో మూడో శతాబ్దం నాటి మాట. ఆయన రోగుల దగ్గర డబ్బు పుచ్చుకునేవాడు కాదట. పెద్ద జబ్బు నయమైతే ఐదు ఆప్రికాట్ మొక్కలు, చిన్న జబ్బైతే ఒకటి నాటిపొమ్మనేవాడట. కొన్నాళ్లకి అది పెద్ద వనమైంది. ఇప్పటికీ చైనాలో ఆప్రికాట్ వనం అంటే వైద్యవృత్తి అనే అర్థం. మా టాటీబంధ్‌లో ఎయిమ్స్ ఆసుపత్రి గోడ పక్కనుంచి పోయినప్పుడల్లా ఈ కథ గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. దోంగ్ ఫెంగ్ ఇక్కడ వైద్యం చేసి ఉంటే ఆయన మొక్కలు రెండు మూడు మే నెలలు కూడా దాటేవి కావు.

లెక్కపెట్టే మొగ్గ

ఎందుకు దాటవో చెప్పాలి, అసలు విద్యంతా అందులోనే ఉంది.

ఆప్రికాట్ చెట్టు ఆకురాల్చి నిద్రపోతుంది. మనం కళ్లుమూసుకుని పడుకునే నిద్ర కాదది, ఒక లెక్క. గాలి ఏడు డిగ్రీల సెల్సియస్‌కి దిగువన ఉన్న గంటలను మొగ్గ ఒక్కొక్కటే పోగుచేసుకుంటుంది. రకాన్నిబట్టి కొన్నింటికి మూడు నాలుగు వందల గంటలు చాలు, కొన్నింటికి వెయ్యి కావాలి. ఆ లెక్క పూర్తయ్యేదాకా ఎంత ఎండకాసినా మొగ్గ విడదు. పూర్తయ్యాక మాత్రం కాస్త వెచ్చదనం తగిలితే చాలు, ఆపలేం. పండ్లచెట్లన్నింటిలో ముందుగా పూతకొచ్చేవాటిలో ఇదొకటి. అదే దాని అందం, అదే దాని గండం.

రాయ్‌పూర్‌లో డిసెంబరు రాత్రులు పది పన్నెండు డిగ్రీల దగ్గరే తచ్చాడతాయి. ఇక్కడ మొగ్గ లెక్క మొదలుపెట్టి మధ్యలోనే నిలిచిపోతుంది. చెట్టుకి సరిగ్గా నిద్రా పట్టదు, మెలకువా రాదు. వేళకాని వేళ నాలుగు ఆకులు వేసి, ఒకటి రెండేళ్లు ఈడ్చి, పోతుంది.

చలి తక్కువైన చోట చెట్టు చావడం అర్థమవుతుంది. ఇంకో వింత ఉంది. నిద్రలో ఉన్న గట్టి రకం ఆప్రికాట్ సున్నాకి కింద పాతిక, ముప్పై డిగ్రీల చలిని కూడా లెక్కచెయ్యదు. అదే చెట్టు విరబూసి ఉన్నప్పుడు మైనస్ మూడు డిగ్రీలకే పూలు మాడిపోవడం మొదలవుతుంది. మైనస్ ఐదారుకి పోతే పదింట తొమ్మిది పూలు పోయినట్టే. సైబీరియా, మంచూరియా రకాలు సొంతగడ్డ మీద భీకరమైన చలిలో హాయిగా బతుకుతాయి, ఎందుకంటే అక్కడ చలికాలమంటే చలికాలమే, నడుమ వెచ్చదనం రాదు. వాటినే తెచ్చి చలి కాస్త మెత్తగా ఉండే ఊళ్లో పెడితే ఫిబ్రవరిలో వచ్చే నాలుగు వెచ్చటి రోజులకే మోసపోయి లేస్తాయి. మళ్లీ మంచు పడుతుంది, అంతే. చలి తగ్గిన చోటే చలికి చస్తుందన్నమాట! ఇంటిపెరట్లో ఈ చెట్టు పెంచే విద్య అంతా ఒక్క పనికోసమే: మొగ్గని వీలైనన్ని రోజులు పడుకోబెట్టడం.

పెరటి పనితనం

లద్దాఖ్ పల్లెల్లో దీన్ని చూడాలి. సింధునది ఒడ్డున శామ్ ప్రాంతపు ఊళ్లు, ఖల్సీ, సస్పోల్, స్కుర్బుచన్, దొంఖర్, కిందికెళితే దా, హను, కార్గిల్ వైపు హర్దాస్, గర్కోన్, అటు శ్యోక్ లోయలో తుర్తుక్. మట్టిఇల్లు, దాన్నానుకుని రాతిగోడ, గోడ లోపల చూలి చెట్లు. ఆప్రికాట్‌కి అక్కడి పేరు చూలి. మన పెరట్లో కొబ్బరి, మునగ ఎలాగో వాళ్లకది అలాగ. మంచు కరిగిన నీళ్లు సన్నకాలవలో వచ్చి చెట్టు మొదలు తడిపి పక్కింటి పెరట్లోకి పోతాయి. ఏ ఇంటికి ఏ పూట నీళ్లో ఊరంతా కలిసి పెట్టుకున్న వరస. ఏప్రిల్‌లో ఆ బూడిదరంగు కొండల నడుమ తెలుపు, గులాబీ పూత విచ్చుకుంటుంది. దానికి చూలి మెందోక్ అని పండగ కూడా చేస్తున్నారు. మెందోక్ అంటే పువ్వు.

మెళకువలు ఒక్కొక్కటే చెబుతాను. ఇవి లద్దాఖ్ తాతలకీ తెలుసు, ఉరల్ కొండల దగ్గరి రష్యన్ అవ్వలకీ తెలుసు, కెనడా పెరటితోటల వాళ్లకీ తెలుసు. ఒకరినుంచి ఒకరు నేర్చుకోలేదు, చెట్టే అందరికీ ఒకే పాఠం చెప్పింది.

మొదటిది చోటు. పల్లంలో పెట్టకూడదు. చల్లగాలి నీళ్లలాంటిది, పల్లానికి దిగి అక్కడ మడుగు కడుతుంది. వాలులో మధ్య ఎత్తున పెడితే గాలి కిందికి జారిపోతుంది. ఎండ దండిగా తగిలే దక్షిణపు గోడ పక్కన పెడదామనే ఆశ పుడుతుంది. ఆ గోడే పగలంతా వేడెక్కి మొగ్గని నిద్రలేపుతుంది. తెలిసినవాళ్లు ఇంటికి ఉత్తరాన నాటుతారు. అక్కడ మంచు ఆలస్యంగా కరుగుతుంది, పూత వారం పది రోజులు వెనకబడుతుంది. ఆ వారమే ఏడాది కాపు.

రెండోది దిబ్బ. మంచు దట్టంగా పడే ఊళ్లలో చెట్టుని చంపేది కొమ్మల చివర తగిలే చలి కాదు, మొదట్లో కుళ్లు. గడ్డకట్టని నేల మీద తడిమంచు నెలల తరబడి పేరుకుంటే కాండం మొదట్లో బెరడు ఉడికినట్టై ఊడిపోతుంది. అందుకని మోకాలెత్తు మట్టిదిబ్బ పోసి దానిమీద నాటుతారు. అంటు కట్టిన చోటు మట్టిలో పూడకూడదు. వేరు దగ్గర నీరు నిలిచిందంటే ఆప్రికాట్ ఒక్కరోజు కూడా ఓర్చుకోదు.

మూడోది సున్నం. మన ఊళ్లలో రోడ్డుపక్క చెట్లకి జాజు, సున్నం పట్టీలు వేస్తాం. ఎందుకు వేస్తామో సగంమంది మర్చిపోయారు. ఆప్రికాట్ దగ్గర సున్నానికి ప్రాణమంత విలువ. చలికాలం చివర పగటి ఎండకి నల్లటి కాండం వేడెక్కి బెరడులోని రసం కదులుతుంది. రాత్రి గడ్డకడితే నిలువునా పగులుతుంది. కాండానికి, పెద్దకొమ్మల పంగలకి తెల్లగా సున్నం కొడితే ఎండ తిరిగి పోతుంది. చెట్టు నిద్ర చెడదు. ఇంత చవకమందు ఇంకో చెట్టుకి లేదు.

నాలుగోది ఆకలి. ఆగస్టు దాటాక ఎరువు వెయ్యకూడదు, నీళ్లు తగ్గించాలి. మనకి జాలెక్కువ, చెట్టు వాడితే చెంబుడు నీళ్లు పోసేస్తాం. ఆ జాలికి చెట్టు లేతచిగుర్లు వేస్తుంది, లేతకొమ్మ చలికి తట్టుకోదు. కడుపు కట్టుకున్న చెట్టు కొమ్మ ముదిరి, గోధుమరంగుకి తిరిగి, చలికాలానికి సిద్ధమవుతుంది.

ఐదోది కత్తి. కొమ్మల కత్తిరింపు చలికాలంలో చెయ్యరు, కాయలు కోశాక ఎండవేళ చేస్తారు. తడిపూట తగిలిన గాయంలోంచి తెగులు లోపలికి దూరుతుంది, చెట్టు మునగచెట్టులా బంక కారుస్తుంది. బంక కారుతోందంటే లోపల ఏడుస్తోందని అర్థం. కాపు వచ్చేది పొట్టికొమ్మల మీద. అవి మూడు నాలుగేళ్లకి అలిసిపోతాయి. అందుకే ఏటా కొంచెం ముసలికొమ్మ తీసి, కొత్తదానికి చోటివ్వాలి. ఒకేచోట గుత్తులుగా కాస్తే పిందెలప్పుడే పలచన చెయ్యాలి. పిందె తుంచడానికి మనసొప్పక పోతే చివరికి ఉసిరంత కాయలే మిగులుతాయి.

అంటుకత్తి ముందు నిలబడితే

ఇక అంటు కట్టడం. దీని దగ్గర నేను ఎంతసేపైనా నిలబడతాను. గింజవేస్తే మొలిచేది తల్లిలాగే ఉంటుందన్న హామీ లేదు, కాపుకి ఆరేడేళ్లు కూడా పట్టొచ్చు. కాబట్టి చేదుగింజ మొలకని వేరుకోసం పెంచి, దానిమీద మంచిచెట్టు కన్ను కూర్చోబెడతారు. మంచి చెయ్యి పనిచేస్తుంటే చూడాలి. ఆ ఏటి కొమ్మనుంచి ఒక కన్నుని బెరడుతో సహా, పడవ ఆకారంలో, ఒకే కోతతో లేపుతారు. రెండోసారి కత్తి ఆడిస్తే పని చెడినట్టే. వేరుమొక్క బెరడు మీద టీ ఆకారంలో గాటుపెట్టి, కత్తి వెనకభాగంతో బెరడుని రెండువైపులా తలుపు తెరిచినట్టు తెరుస్తారు. కన్నుని పైనుంచి కిందికి జార్చి, తలుపులు మూసి, కన్ను మాత్రం బయటికి కనపడేలా పట్టీ చుడతారు. నేను ఊపిరి బిగపట్టి చూసేలోపే అయిపోతుంది. గాలి తగిలి లోపలి పచ్చితడి ఆరిపోకముందే మూయాలి. మూడువారాలకి కన్ను కింది ఆకుతొడిమ ముట్టుకోగానే రాలిందా, అంటు పట్టింది. ఎండి వేలాడుతోందా, పోయింది. కడియం నర్సరీల్లో మామిడి అంటు కట్టే చేతులు చూసినవాళ్లకి ఈ వేగం తెలుసు. ఆ చేతికి నేను దండం పెడతాను.

పట్టుదలలో మాత్రం ఇవాన్ మిచూరిన్‌ని మించినవాడు లేడు. 1855లో పుట్టాడు, మాస్కోకి ఆగ్నేయాన కోజ్లోవ్ అనే చిన్నఊళ్లో గడియారాలు బాగుచేసుకుంటూ తోట పెంచాడు. దక్షిణాది పండ్లని చలిదేశానికి అలవాటు చేద్దామని, గట్టి వేరుమొక్క మీద సుకుమారపు రకాల అంటుకట్టి ఏళ్లు గడిపాడు. ఒక గట్టి చలికాలం రాగానే అన్నీ పోయాయి. వేరు ఎంత గట్టిదైనా పైకొమ్మకి నిద్రపోవడం నేర్పలేదని అప్పుడు గ్రహించాడు. ఇంక గింజలతో, సంకరాలతో మొదట్నుంచీ మొదలెట్టాడు. 1900లో ఆయన చేసినపనికి ఊరు నవ్వి ఉంటుంది: మంచి నల్లనేలలోని తోటని పీకి, నది పక్కన ఇసుకపాటి బీదనేలకి మార్చేశాడు. కొవ్వునేల పిల్లల్ని గారాబం చేసి చెడగొడుతోందని ఆయన లెక్క. బీదనేలలో పెరిగిన మొలకలే చలికి నిలబడ్డాయి. బతికుండగానే, 1932లో, ఆ ఊరికి ఆయన పేరే పెట్టారు. తరవాత సోవియట్ వ్యవసాయశాస్త్రవేత్త లైసెంకో మనుషులు ఆయన పేరు చెప్పుకుని చేసిన అన్యాయం వేరేకథ, ఆ పాపం తోటమాలిది కాదు.

మన దగ్గరా ఆ కోవ మనుషులున్నారు. హిమాచల్‌లో బిలాస్‌పూర్ జిల్లా దిగువకొండల్లో హరిమన్ శర్మ అనే రైతు, అక్కడ ఆపిల్ పండదన్న మాట వినకుండా, దొరికిన ఒక మొలకని ప్లమ్ చెట్టు మీద అంటుకట్టి హెచ్.ఆర్.ఎమ్.ఎన్.-99 రకం తెచ్చాడు. 2025లో పద్మశ్రీ ఇచ్చారు. ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో కేంద్రే బాలాజీ ఆపిల్ పండించి 2020లో ముఖ్యమంత్రికి తీసుకెళ్లి ఇచ్చాడు. సి.సి.ఎమ్.బి. శాస్త్రజ్ఞుల తోడు ఉంది నిజమే, కానీ ఏటికేడు చెట్టు దగ్గర కూర్చున్నది రైతే. మా ఛత్తీస్‌గఢ్‌లో కూడా జశ్‌పూర్ నాస్పాతీ కాస్తుంది. 1960లలో టిబెట్ కుటుంబాలు వచ్చి స్థిరపడ్డ మైన్‌పాట్ కొండమీద ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం బంగాళాదుంపకి, చలిదేశపు పండ్లకి పరిశోధనకేంద్రమే పెట్టింది. ఆపిల్, పియర్, పీచ్ కొంత సర్దుకుంటాయి, వాటిలో తక్కువ చలితో గడుపుకునే రకాలున్నాయి. గట్టి ఆప్రికాట్ మాత్రం సర్దుకోదు. నేను దాన్ని అందుకే ఇంకా గౌరవిస్తాను.

నేను తెల్లగింజ పక్షం

ఆప్రికాట్ లోకంలో పార్టీలున్నాయి, నేను దాచుకోను. లద్దాఖ్‌లో ఎక్కువగా పెంచేది హల్మన్. పండు పెద్దది, ఎండబెడితే చూడ్డానికి బాగుంటుంది, వ్యాపారానికి అదే పనికొస్తుందని దాని పక్షంవాళ్లంటారు. కావచ్చు. నావోటు రక్త్‌సే కార్పోకే. గోధుమగింజ రకాల్లో పప్పు చేదుదీ ఉంటుంది, తియ్యదీ ఉంటుంది. లద్దాఖీలో చేదుకి ఖంతే, తీపికి న్యర్మో అంటారు. చేదుపప్పులో అమిగ్డలిన్ ఉంటుంది, కడుపులోకి పోతే సైనైడ్ అవుతుంది, దాన్ని పిల్లలచేతికి ఇవ్వకూడదు. తెల్లగింజకి ఆ భయం లేదు. పండూ తీపే, పప్పూ తీపే. లేహ్‌లో రక్షణశాఖ ఎత్తుప్రాంతాల పరిశోధనసంస్థ దిహార్, అందులో త్సెరింగ్ స్తోబ్దాన్‌లాంటి శాస్త్రవేత్తలు ఈ రకాలని ఏళ్ల తరబడి పట్టి చూశారు. 2022 డిసెంబరులో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే జాబితాలో మన తాండూరు కందిపప్పు కూడా ఉంది. ఒకే పంక్తిలో కూర్చున్నారు కాబట్టి మనకి చుట్టరికం కలిసినట్టే!

ఇంత గొప్ప పండు మనకెందుకు తెలీదంటే, తెలియనివ్వలేదు. కాయతొలుచు పురుగు భయంతో లద్దాఖ్ తాజా ఆప్రికాట్ బయటికి పోకూడదని దశాబ్దాలపాటు నిషేధం. 2021లో దాన్ని ఎత్తేశారు, ఆ ఏడే దుబాయ్‌కి తొలిసరుకు వెళ్లింది. అప్పటి ప్రభుత్వలెక్కల్లో లద్దాఖ్ కాపు 15,789 టన్నులు, దేశంలో పండేదాంట్లో 62 శాతం. ఇన్నేళ్లూ ఆ పండంతా ఇంటికప్పుల మీద, బండరాళ్ల మీద ఎండింది. కొంత పశువుల పాలైంది.

నారింజరంగు అబద్ధం

ఇప్పుడు నా కడుపుమంట.

బజారుకెళ్లి ఆప్రికాట్ అడగండి. నారింజరంగులో, మెత్తగా, గింజ తీసేసి, పెట్టెలో వరసగా పేర్చినవి చూపిస్తారు. గంధకం పొగ పట్టించబట్టి ఆ రంగు నిలుస్తుంది, ఎక్కువకాలం ఆగుతుంది. ఎండలో ఎండిన పండు ఎప్పుడూ గోధుమరంగే. టర్కీలో మలాత్యా ప్రాంతం ప్రపంచానికి ఎండు ఆప్రికాట్ ఇచ్చే గడ్డ. అక్కడి రైతు గొప్పవాడే, పొగపట్టనిదీ వాళ్ల దగ్గర ఉంది. మనకే రంగు కావాలి. గోధుమరంగు పండుని మనం పాతసరుకని పక్కన పెడతాం, రంగేసినదాన్ని తాజా అని ఎక్కువ ధరిచ్చి కొంటాం.

దీని దెబ్బ నేరుగా హైదరాబాద్ ఆప్రికాట్ మిఠాయి ఖుబానీ కా మీఠా మీద పడింది. గింజతో ఉన్న ఎండుపండుని రాత్రంతా నానబెట్టి, పొద్దున గింజ తీసి, నానిన నీళ్లలోనే సన్నటిమంట మీద ఉడికించాలి. చక్కెర చేయి తగ్గించి వెయ్యాలి, పండుకే తీపుంది. తీసిన గింజల్ని ఒక్కొక్కటిగా కొట్టి, పప్పు ఒలిచి పైన చల్లాలి, దానిమీద మీగడ. హైదరాబాద్ పెళ్లివిందుల్లో ఆ పప్పు పంటికింద పడ్డప్పుడు ఓహో అనుకునేవాళ్లం. ఇప్పుడు గింజ తీసిన పండొస్తుంటే పప్పెక్కడిది? బాదం తరిగి చల్లుతున్నారు. చక్కెరపాకం, కస్టర్డు, ఐస్‌క్రీమ్ కింద రెండు ముక్కలు దాచి, దానికో ఇంగ్లీషుపేరు పెట్టి గాజుగ్లాసులో ఇస్తున్నారు. కొట్టే ఓపిక లేదుట! గింజ కొట్టే ఓపిక లేనివాళ్లకి మీఠా ఎందుకు, చక్కెర నాక్కుంటే పోదా?

ఇంకో మోసం నా పెరట్లోనే జరిగింది. ఎక్కడ కొన్నానో చెప్పను. అన్నిరకాల వాతావరణంలో కాసే ఆప్రికాట్, రెండో ఏడే కాపు అన్నారు. తెలిసితెలిసి నాలుగువందల యాభై పోసి కొన్నాను, ఆశకి తెలివి ఉండదు. ఆప్రికాట్ ఆకు గుండ్రంగా, లేత తమలపాకులాగా, ఎర్రటి తొడిమతో ఉంటుంది. నా మొక్క వేసిన ఆకులన్నీ గన్నేరాకుల్లా పొడుగ్గా దిగాయి. పైన అంటిన కన్ను ఎప్పుడో చచ్చింది. కింది వేరుమొక్క, ఎవరో అడవి పీచ్, లేచి నిలబడింది. మూడో ఎండాకాలం బంక కార్చి అదీ పోయింది. డబ్బు పోయినందుకు బాధ లేదు. నిజం మొక్క అమ్మినా మా ఊరి వేడికి ఎలాగూ బతకదు. కానీ ఒక మంచిచెయ్యి ఏళ్ల తరబడి చేసే పనిని చీటీ మీద నాలుగు అబద్ధాలుగా అచ్చేసి అమ్మడం చూస్తే ఒళ్లుమండింది. ఆ చీటీ నమ్మి, పోయాక తన చెయ్యే మంచిది కాదనుకుని, మళ్లీ ఏ మొక్కా నాటని అమాయకులు ఎందరో!

కాబట్టి రాయ్‌పూర్‌లో, విజయవాడలో, వరంగల్‌లో ఆప్రికాట్ మొక్క అమ్మజూపితే దండంపెట్టి వచ్చేయండి. ఆ డబ్బుతో గింజతో ఉన్న లద్దాఖ్ పండు కొనండి, గోధుమరంగుదే కొనండి. అంటు నేర్చుకోవాలనుంటే మామిడి ఉంది, రేగు ఉంది, పెరటి జామ ఉంది. కత్తి పట్టడం ఏ చెట్టు మీదైనా నేర్చుకోవచ్చు.

నిజంగా నాటగలిగిన తెలుగువాళ్లు ఉన్నారు, వాళ్లకే నా అసలు విన్నపం. మినసోటాలో, మిచిగన్‌లో, టొరంటోలో పెరడున్న తెలుగు ఇళ్లలో ఏం జరుగుతుంది? కుండీలో కరివేపాకు. అక్టోబరు రాగానే దాన్ని చంటిబిడ్డలా ఇంట్లోకి మోసుకొచ్చి, దీపాలు పెట్టి, ఆకులు రాలితే ఫోన్లుచేసి ఏడుస్తారు. నాకు కరివేపాకు మీద కోపం లేదు. ఆ కిటికీ అవతలి నేలలో, మంచులో, మైనస్ ముప్పైలో నిద్రపోగలిగే చెట్టుని ఒక్కరూ నాటరేమని నా ఫిర్యాదు. మినసోటా విశ్వవిద్యాలయంవాళ్లు 1960లోనే ఆ చలికని మూన్‌గోల్డ్, సన్‌గోల్డ్ అని రెండురకాలు విడుదలచేశారు. ఒకటి నాటితే కాయదు, రెండూ పక్కపక్కన ఉండాలి, ఒకదాని పుప్పొడి ఒకదానికి కావాలి. మొగుడూపెళ్లాల్లా జంటగా పెట్టాల్సిందే.

మా మేనల్లుడొకడు మినియాపొలిస్ దగ్గర ఉంటాడు. నా పోరు పడలేక ఆ జంటని నాటాడు. దిబ్బపోశాడు, ఉత్తరం వైపు పెట్టాడు, సున్నం బదులు తెల్లరంగు కొట్టాడు. నాలుగో వసంతంలో ఏప్రిల్ మొదట్లోనే ఎండకాస్తే చెట్టు విరగబూసింది. వీడియో పంపాడు. వెనక వాడి పిల్లలు కేరింతలు. ఆ వారాంతమే మంచు కురిసింది. దుప్పట్లు కప్పాడు, కిందదీపాలు పెట్టాడు. పొద్దున పువ్వులు విప్పి చూస్తే నడుమ కాడలన్నీ నల్లబడ్డాయి. పూరేకులు మాత్రం తెల్లగా బాగానే ఉన్నాయి, ఏమీ జరగనట్టు. "కాయవు కదా మావయ్యా" అన్నాడు. కాయలేదు.

మొన్న ఏప్రిల్ నెలాఖరున మళ్లీ ఫోన్ చేశాడు. ఇక్కడ టాటీబంధ్‌లో నలభై మూడు డిగ్రీలు, కూలర్ హోరులో వాడి గొంతు సరిగ్గా వినపడటం లేదు.

"మావయ్యా, చుట్టుపక్కల గడ్డి కూడా పచ్చబడింది. మన చెట్టు మొగ్గ మాత్రం ఇంకా విడలేదు, గట్టిగా మూసుకునే ఉంది. చచ్చిపోయిందంటావా?"

"గోటితో కొమ్మ కాస్త గీకి చూడరా."

కాసేపు మాట లేదు. తరవాత, "పచ్చగానే ఉంది" అన్నాడు.

"అయితే దాని జోలికి పోకు నాన్నా," అన్నాను. "పడుకోనీ."